రాతి మడిగెల బోణీ

మొన్న మా మేనల్లుడు గద్వాల నుంచి ఫోన్ చేశాడు. బజారులో మా పాత రాతి మడిగెలు పడగొట్టిన జాగాలో అద్దాల కాంప్లెక్సు కట్టాడు. దాని ప్రారంభానికి పిలుపు. "అత్తా, ముహూర్తం పొద్దుగాలనే ఉంది. నువ్వు గంత పొద్దున లేసి పరేషాన్ గాకు. పూజ, బోణీ అన్నీ అయినంక భోజనాల టయానికి రా. కారు పంపిస్త," అన్నాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. తెల్లవారుజామున లేచి వనపర్తి నుంచి ప్రయాణం చేసే ఓపిక నాకు లేదని వాడికి ఎంత దిగులో! నేను మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషినని, బోణీ కాకముందు నా ముఖం అక్కడ కనబడకూడదని మాత్రం నోటితో అనలేదు. తేనె పూసిన కత్తి అని పెద్దలు ఊరికే అనలేదు.

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ జాగాలో బోణీ కోసం మా వాళ్లు ఎంతకు తెగించారో వాడికి తెలియదు. ఇంట్లో వాడికి చెప్పిన కథ వేరు, నేను కళ్లారా చూసింది వేరు.

రాతి మడిగెలు మా తాత తండ్రి కట్టించినవి, సంస్థానం నడిచిన రోజుల్లో. నల్లరాతి గోడలు, కింద వరుసగా దుకాణాలు, వాటి ముందు పొడుగునా ఎత్తయిన రాతి అరుగు, అరుగెక్కడానికి నడిమధ్య మెట్లు, మెట్ల కింద ఒక చిన్న గది. రేకు షట్టర్లు లేవు. గాడిలో ఒకదాని పక్కన ఒకటి దూర్చే చెక్క పలకలే తలుపులు. మూల మడిగె మాది, బట్టల దుకాణం. పక్కన పల్లికాయ మండీ. దాని అవతల కిరాణం, ఇత్తడి సామాను, చివర బొరుగుల ఉగ్గాని హోటలు. పై అంతస్తులో రాజోలి నుంచి చీరల మూటలతో వచ్చిన నేతగాళ్లు పడుకునేవాళ్లు. మా దుకాణంలో గంజి పెట్టిన కొత్త గుడ్డ వాసన, మండీలో పల్లికాయ దుమ్ము, కిరాణంలో గానుగ నూనె, పాత బెల్లం. హోటలు దగ్గరికొచ్చేసరికి పుట్నాల పొడి, మిరపకాయ బజ్జీల వాసన కడుపులో చెయ్యిపెట్టి లాగేది. కళ్లు మూసుకుని అరుగు మీద నడిచినా నేను ఎవరి దుకాణం ముందున్నానో చెప్పగలిగేదాన్ని.

ఆ మెట్ల మీద ఒకామె పూలు అమ్మేది. పెద్దవాళ్లు పూలామె అనేవాళ్లు, నేను పూలక్కా అని పిలిచేదాన్ని. నల్లగా, నిటారుగా ఉండేది. నోరు ఎంత పెద్దదో నవ్వు అంతకంటే పెద్దది. మా బజారు వ్యాపారుల నమ్మకం ప్రకారం ఆమెది మంచి చెయ్యి. ఆమె బోణీ చేస్తే ఆ రోజు గల్లాపెట్టె మూత పడదట. అందుకని పొద్దున్నే ఒక తంతు నడిచేది. పలకలు తీసి, ఊడ్చి, నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి అందరూ చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. ఆమె గంపతో వచ్చి ముందు మా దుకాణం ఎక్కేది. దేవుడి పటానికి మూరెడు పూలు వేసి, ఒక దారం ఉండ కొని, పైసల బిళ్ల తన చేత్తోనే గల్లాలో వేసి "నిండాలె సేటూ" అనేది. తాత కళ్లకద్దుకునేవాడు. అక్కడి నుంచి మండీలో గుప్పెడు పల్లికాయ, కిరాణంలో బెల్లం ముక్క, ఇత్తడి కొట్టులో ఒక చిన్న గరిటె. గరిటె మాత్రం సాయంత్రం తిరిగి ఇచ్చేసేది. రోజూ గరిటె కొనడానికి ఆమె ఏమన్నా జమీందారిణా?

ఆమె రాకముందు ఎవరికీ ఏదీ అమ్మేవాళ్లు కాదు. ఒకసారి ధరూరు వైపు నుంచి పెళ్లివాళ్లు బండ్లు కట్టుకుని తెల్లారేసరికి దిగారు. పూలామె ఆలస్యం చేసింది. పెళ్లికొడుకు తండ్రి చీరలు చూపించమంటే తాత కదలడు. "జర ఆగున్రి, చెయ్యి రావాలె," అన్నాడు. "ఏం చెయ్యి? మాకు రెండు చేతులున్నయ్ గద సేటూ," అని ఆ మనిషి తన చేతులు చాపి చూపించాడు. అరుగంతా నవ్వులు. అయినా తాత కూర్చున్నచోటు నుంచి లేవలేదు. పెళ్లివాళ్లు ఉగ్గాని తిని, ఎండెక్కేదాకా మెట్ల మీదే కునుకు తీశారు.

ఆ గల్లాపెట్టె మీద నాకూ ఒక కన్ను ఉండేది. ఒకరోజు పూలక్క కంటే ముందు నా చెయ్యి అందులో పెట్టి "నిండాలె సేటూ" అని ఆమె గొంతు అనుకరించాను. తాత లాగి చెంప మీద కొట్టాడు. పూలామె వచ్చి విషయం విని, "పోరి చెయ్యిగూడ మంచిగనే ఉంటది సేటూ, ఏం గాదు," అని నా తలలో కనకాంబరాలు పెట్టింది. అవి వాడిపోయినా నేను తియ్యలేదు.

ఆమె మొగుడు పక్క మండీలోనే హమాలీ. నిలువెత్తు మనిషి. పెద్దగా మాట్లాడేవాడు కాదు. పల్లికాయ సంచి భుజాన వేసుకుని వెళ్తూ మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి పెళ్లాన్ని చూసేవాడు. ఆమె చూడనట్టు పూలు గుచ్చుకునేది. మాకు, అంటే పిల్లలకు, అది పెద్ద వేడుక. వాళ్లను చూసి మేం నవ్వుకునేవాళ్లం.

నాకు పదేళ్లొచ్చిన ఏడు పల్లికాయ విరగపండింది. మండీ సేటు సంచులు వాసాల దాకా పేర్పించాడు. ఇంకా ఎత్తు పెడితే జారుతాయని ఆ హమాలీ చెప్పాడు. "నీకు కూలి మొయ్యనీకె ఇస్తున్న, చెప్పనీకె గాదు," అన్నాడు సేటు. ఆ మాట మా దుకాణంలోకి వినబడింది. ఆ మధ్యాహ్నమే వరుస జారింది. సంచులు లాగి మనిషిని బయటికి తీసేసరికి ఊపిరి ఉంది, మాట లేదు. దవాఖానకు తీసుకెళ్లడానికి బండి కావాలి. మండీ ముందు పల్లికాయ నిండిన బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాంట్లోంచీ సరుకు దింపనివ్వలేదు. "దించినంక మల్ల ఎవడు ఎక్కిస్తడు?" అన్నాడు సేటు. పూలామె మొగుడి తల ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క బండివాడినీ పేరు పెట్టి పిలిచింది. ఆ అరుగు మీదే, ఆమె ఒళ్లోనే పోయాడు.

ఆ పొద్దున మండీలో బోణీ చేసింది ఆమే. సాయంత్రం ఇరానీ టీ తాగుతూ మండీ సేటు అన్నాడు, "నా దుకాణంల ఇయ్యాల మొగని పానంతోని బోణీ చేసిందయ్యా ఆమె." తాత తలూపాడు. హోటలాయన "అబ్బ, ఏం మాటన్నవ్ సేటూ" అని మెచ్చుకున్నాడు. దాని మీద ఇంకో విడత టీ తెప్పించుకున్నారు.

దినాలు అయ్యాక ఒక పొద్దున ఆమె మళ్లీ గంపతో వచ్చి తన మెట్టు మీద కూర్చుంది. బొట్టు లేదు, గాజులు లేవు. అప్పటిదాకా పలకలు తీస్తున్నవాళ్లు తీసిన పలకలు మళ్లీ గాడిలో పెట్టేశారు. ఒకడు దగ్గాడు, ఒకడు ఆకాశం చూశాడు. చివరికి తాత నన్ను ఇంటికి పంపి మా అవ్వను, అంటే తన భార్యను, పిలిపించాడు. అవ్వకు, పూలామెకు స్నేహం. పండుగ వస్తే భక్ష్యాలు ఆకులో చుట్టి ఆమెకు పంపిన తర్వాతే మాకు పెట్టేది. ఆ అవ్వ వచ్చి, మెట్టు మీద కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"పిల్లా, గిట్ల ముందల కూసుంటే ఎట్ల? బతికేటోళ్లు బతకాలె గద. బోణీలు అయినంక రా. ఎనుక సందుల కూసో."

"పొద్దుగాల అమ్మకపోతే పూలు ఎవరు గొంటరవ్వా? ఎండెక్కితే వాడిపోతయ్."

అవ్వ సందు వైపు చెయ్యి చూపింది. పూలామె రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. "నా చెయ్యి గదే గదవ్వా? మారిందా?"

"చెయ్యి గదే," అంది అవ్వ. "మొకం మారింది."

అంత ప్రేమగా వండి పెట్టే మనిషి నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. కత్తితో కూరగాయలూ తరుగుతారు, గొంతూ కోస్తారు, కత్తికి ఏం తెలుసు? అవ్వకు మాత్రం తెలుసు. తెలిసే అన్నది.

పూలామె వెనుక సందులో, పల్లికాయ పొట్టు పారబోసే కాలువ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కడ దేవుడి కోసం పూలు కొనేవాళ్లు ఎవరు? చచ్చిపోయిన మొగుడి తల్లి ఇంట్లో ఉంది, కళ్లు కనబడవు. ఆ మెట్టు ఉంటే ఇద్దరికీ అన్నం, లేకపోతే లేదు. ఆమెకు అదీ పోయింది.

ఇక్కడ ముందువైపు మరో గోల. బోణీకి మంచి చెయ్యి దొరకడం లేదు. పంతులుగారి భార్యను పిలిస్తే ఆ వారమంతా వాన. పోస్టుమేనును పిలిస్తే గిరాకీ రాలేదు. చివరికి ఒకరోజు తాత నన్నే గల్లా ముందు నిలబెట్టాడు. నేను ఎంత గర్వంగా బిళ్ల వేశానో! ఆ రోజు మొదట వచ్చినవాడు చీర కొనడానికి కాదు, రంగు దిగిందని వాపసు ఇవ్వడానికి వచ్చాడు. "దరిద్రపు చెయ్యి," అన్నాడు తాత, అందరూ వింటుండగా. ఆ తర్వాత మా ఇంట్లో ఏ శుభకార్యమైనా పిండి కలపడానికి కూడా నా చెయ్యి తగలనిచ్చేవాళ్లు కాదు. పదేళ్ల పిల్లకు అప్పుడే ముద్ర పడింది. నా పెళ్లయి, మొగుడు పోయినప్పుడు మా బంధువొకామె "దీని చెయ్యి చిన్నప్పుడే గట్ల" అని అన్నదని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు వానలు లేవు. పల్లికాయ ఎండిపోయింది. రైతు దగ్గర పంట లేకపోతే బజారులో చీర ఎవరు కొంటారు? ఈ లెక్క మా వాళ్లకు తోచలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెయ్యి పోయింది కాబట్టి గిరాకీ పోయిందని తేల్చారు. అప్పుడు మండీ సేటుకు ఒక ఆలోచన వచ్చింది.

"వాళ్లల్ల మారుమనువు ఉంది గద. ఆమెకు ఒక మొగన్ని జూస్తే సరి. బొట్టు వస్తే చెయ్యి మల్ల నిలవడ్తది."

తాత తొడ మీద చరుచుకున్నాడు. మా ఇంట్లో వెనుక గదిలో తాత సొంత చెల్లెలు పన్నెండో ఏట బొట్టు చెరుపుకుని, ముసలిదై, మధ్యాహ్నం దాటితే గాని బయటికి రాకుండా బతుకుతోంది. ఆమెకు మారుమనువు అన్న మాట ఎత్తితే తాత నాలుక కోసేవాడు. పూలామెకు చెయ్యడం మాత్రం పుణ్యకార్యమైంది.

వరుణ్ణి వెదకడానికి ఎక్కువ దూరం పోలేదు. మెట్ల కింద గదిలో గోనెసంచులకు కాపలా ఉండేవాడు ఒకడున్నాడు. పొద్దు గుంకితే కల్లు, తాగితే కొట్టడం. ఇద్దరు పెళ్లాలు వాడి దెబ్బలకు తాళలేక పుట్టిండ్లకు పారిపోయారు. "మొగడు మంచోడా చెడ్డోడా అని బోణీ అడగదు," అన్నాడు మండీ సేటు. పూలామె మొదట ఒప్పుకోలేదు. నెలల తరబడి సందులో కూర్చుని, వాడిన పూలు కాలువలో పారబోసుకుంది. ఆఖరికి గుడ్డి అత్తే అన్నదట, "చేసుకో బిడ్డా. నా కొడుకు ఏమనుకోడు. ఆకలైతుంది." ఆ మాట పూలామే మా అవ్వకు చెప్పుకుంది. అవ్వ కళ్లు తుడుచుకుని, ముహూర్తం ఎప్పుడని అడిగింది.

పెళ్లి మెట్ల మీదే అయింది. తాత చీర పెట్టాడు. నేతలో మరక పడి ఎవరూ కొనని చీర. ఆ మరక కుచ్చిళ్లలోకి పోయేలా అవ్వ దగ్గరుండి కట్టింది. మర్నాడు పొద్దున పలకలు టకటక తీశారు. ఆమె బొట్టుతో, గాజులతో వచ్చి "నిండాలె సేటూ" అంది. ఆ వారమే వాన పడింది. ఇంకేముంది, తాత మీసం మెలేశాడు.

వాడు ఆమెను రోజూ కొట్టేవాడు. చీకటి పడే వేళ మెట్ల కింద గదిలో నుంచి అరుపులు వచ్చేవి. హోటలాయన రేడియో గట్టిగా పెట్టేవాడు. పొద్దున వాచిన ముఖంతో వస్తే అవ్వ లోపలికి పిలిచి పసుపు పట్టించి, బొట్టు దిద్ది పంపేది. నేను ఒకసారి అడిగాను, "అవ్వా, వాన్ని ఎవరూ ఏమనరెందుకు?" అని. "ఆడు జైలుకు పోతే బోణీ ఎవరు చేస్తరే?" అంది అవ్వ, పసుపు చెయ్యి కడుక్కుంటూ. పూలక్క నన్ను చూసి నవ్వలేదు. ఆ నవ్వు అప్పటికే పోయింది. నాకు వాళ్లందరి మీదా అసహ్యం పుట్టింది, ఈ రోజు దాకా తగ్గలేదు.

తాగి తాగి వాడికి కాలేయం చెడింది. కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి మంచాన పడ్డాడు. అప్పుడు చూడాలి రాతి మడిగెల ప్రేమ! మండీ సేటు జీపు మాట్లాడి వాణ్ణి కర్నూలు దవాఖానకు పంపాడు. ఇత్తడి కొట్టాయన మేకపాలు తెప్పించాడు. అవ్వ రాగి జావ కాచి తానే తీసుకెళ్లి తాగించేది. తాత ఊరిదేవత జమ్ములమ్మకు వేటపోతును మొక్కాడు. కోమటి ఇంట్లో వేటపోతు మొక్కు! వాడు దగ్గితే అరుగంతా ఉలిక్కిపడేది. పూలామె ఇవన్నీ చూస్తూ పూలు గుచ్చేది. ఒకరోజు జావ గిన్నె పట్టుకున్న అవ్వతో, "ఆయనప్పుడు బండి దొర్కలేదు గదవ్వా," అని మాత్రం అంది. అవ్వ జావ చల్లారిపోతుందని గబగబా లోపలికి వెళ్లింది.

అది పెళ్లిళ్ల కాలం. పొద్దున్నే బజారు కిటకిటలాడుతోంది. సెలవులు కాబట్టి నేను మా దుకాణంలో గుడ్డ తాన్ల మీద కూర్చుని ఉన్నాను. పూలామె వచ్చింది. ఆ మరక చీరే కట్టుకుంది. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు, తల నిండా పూలు. ఎప్పుడూ లేనిది, హోటలు దగ్గర మొదలుపెట్టింది. ఇత్తడి కొట్టు, కిరాణం, మండీ, ఒక్కొక్కచోటే నిదానంగా బోణీ చేసుకుంటూ ఆఖరున మా దుకాణం ఎక్కింది.

"ఏందే, మొదలు మా కాడికి రావాలె గద," అని తాత సణిగాడు.

"ఇయ్యాల మీకు పెద్ద బోణీ సేటూ. తెల్లగుడ్డ గావాలె. నిలువెత్తు మనిషికి సరిపోయేటంత."

తాత ముఖం వెలిగిపోయింది. దారం ఉండ తప్ప ఏనాడూ కొనని మనిషి. "మొగనికా? పానం నయమైందా ఏంది?"

"ఆయనకే. ఇంగ నొప్పి లేదు సేటూ."

"జమ్ములమ్మ తల్లీ!" అని తాత పటం వైపు దండం పెట్టి, తానే లేచి, తెల్లగుడ్డ తాను విప్పి, గజంబద్దతో కొలిచాడు. కొసరుగా ఇంకొంచెం వదిలి చించాడు. ఆమె కొంగు ముడి విప్పి పైసలు తీసి, తన చేత్తో గల్లాలో వేసింది. "నిండాలె సేటూ," అంది. తాత కళ్లకద్దుకున్నాడు.

ఆమె గుడ్డ భుజాన వేసుకుని అరుగు మీదికి వెళ్లి నిలబడింది. అన్ని దుకాణాలకూ వినబడేలా చెప్పింది.

"కోడి గూయకముందే పోయిండు ఆయన. పీనుగ మెట్ల కింద ఉంది. అందరికీ బోణీ అయింది గద సేటూ? ఇంగ మీ ఇష్టం."

అని రెండు చేతులూ రాతిస్తంభానికేసి కొట్టింది. గాజులు పగిలి అరుగంతా చెల్లాచెదురయ్యాయి. బొట్టు తానే తుడుచుకుంది. ఎవరి సాయమూ అడగలేదు. తెల్లగుడ్డతో మెట్లు దిగి, కింది గదిలోకి వెళ్లింది. మండీ సేటు బూతులు తిట్టాడు. అవ్వ తల బాదుకుంది. తాత గల్లాపెట్టె వైపు పాము దూరిన బుట్టను చూసినట్టు చూశాడు. నాకు సంతోషమైంది. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా కాలేదు.

శవాన్ని హమాలీలు మోశారు. ఆ సాయంత్రానికల్లా పూలామె గుడ్డి అత్తను చెయ్యిపట్టి నడిపించుకుంటూ ఊరు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో తెలియదు. బిజినేపల్లి సంతలో పూలు అమ్ముతుండగా చూశామని కొన్నాళ్లకు ఎవరో అన్నారు, నిజమో కాదో.

మా వాళ్లు కొనడానికి వచ్చినవాళ్లను వాకిట్లోనే ఆపి పలకలు మూసేశారు. శాంతులు, హోమాలు, గోమూత్రం చల్లడాలు. పెళ్లిళ్ల కాలమంతా రాతి మడిగెలు మూతపడి ఉన్నాయి. జనం ఏం చేస్తారు? బస్టాండు రోడ్డులో కొత్తగా వెలసిన సిమెంటు దుకాణాలకు పోయారు. అక్కడ ఎవరి చెయ్యి కోసమూ ఆగమనేవాళ్లు లేరు. ఒకసారి అలవాటైన గిరాకీ మళ్లీ ఇటు తిరిగి చూడలేదు. మండీ లేచిపోయింది, హోటలు పోయింది, ఇత్తడి కొట్టులో పాత ఇనుము చేరింది. మా దుకాణంలో తాన్లకు చెదలు పట్టింది. పూలామె చెయ్యి తగిలి రాతి మడిగెలు కూలిపోయాయని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా మేనల్లుడు విన్నది ఆ కథే.

తాత చాలా ఏళ్లు బతికాడు. చివరి రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టేవాడు కాదు గాని ఆ పొద్దు మాత్రం మరచిపోలేదు. నేను మంచం పక్కన కూర్చుని ఒకసారి అడిగాను, "తాతా, ఆమెకు మనం చేసింది తప్పు గాదా?" అని. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు మనిషి కరిగాడనుకుని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తప్పే బిడ్డా," అన్నాడు. "ఆ గుడ్డకు పైసలు తీసుకున్న. ఊర్కెనే ఇచ్చింటే అది బోణీ కాకపోతుండె."